బీటు కానిస్టేబులుకు బడి

అమెరికా పడమటి తీరాన, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎదురుగా అఖాతానికి ఆవలి ఒడ్డున, బర్కిలీ అనే విశ్వవిద్యాలయ పట్టణం ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలో అక్కడ రాత్రి బీటు తిరిగే పోలీసు కూడలికి వచ్చినప్పుడల్లా తలెత్తి చూసేవాడు. పైన వేలాడే ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ ఉందంటే స్టేషన్ నుంచి పిలుపు వచ్చినట్టు. ఏ లెక్కన వెలుగుతోందో చూసుకుంటే ఆ పిలుపు తనకో, పక్క బీటువాడికో తెలిసేది. తనకైతే సైకిలు తొక్కుకుంటూ దగ్గర్లోని టెలిఫోను పెట్టె దాకా వెళ్లి, ఎక్కడ ఏం జరిగిందో కనుక్కుని అటు పరుగెత్తేవాడు. చేతిలో వైర్‌లెస్ సెట్టు లేని రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. ఈ ఏర్పాటు చేసిన ఆగస్ట్ వోల్మర్‌ను అమెరికా పోలీసు చరిత్రలు ఆధునిక పోలీసు వ్యవస్థకు ఆద్యుడంటాయి. వెంటనే ఆయన తెచ్చిన సరంజామా చెప్పుకొస్తాయి: సైకిళ్లు, మోటారు సైకిళ్లు, గస్తీ కార్లు, రేడియో, వేలిముద్రలు, అబద్ధం పట్టే యంత్రం. సరంజామా అంతా నిజమే. కానీ వాటిని ఆయన కాకపోతే మరొకరు తెచ్చేవారు. మోటారు కారు వచ్చాక పోలీసులు కారెక్కకుండా ఉంటారా? వోల్మర్ చేసినవాటిలో తక్కినవాళ్లకు అంతగా తోచనిది ఒకటుంది. పోలీసు కొలువులో అందరికన్నా కిందున్న మనిషికి, బీటు తిరిగేవాడికి, ఆయన బడి పెట్టాడు. ఆ బడి విలువ ఎంత, దాని బలహీనత ఎక్కడ అన్నది మనకు కూడా అక్కరకొచ్చే ప్రశ్న.

ముందుగా మనిషి గురించి. వోల్మర్ 1876లో న్యూ ఆర్లియన్స్‌లో జర్మన్ వలస కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. హైస్కూలు గడప తొక్కలేదు. తల్లితో బర్కిలీ చేరి, బొగ్గులూ పశువుల దాణా అమ్మే కొట్టు నడిపాడు. 1898లో సైన్యంలో చేరి ఫిలిప్పీన్స్ వెళ్లాడు. తిరిగొచ్చి తపాలా బంట్రోతుగా ఇంటింటికీ ఉత్తరాలు పంచాడు. 1904లో సరుకు రవాణా వ్యాగన్ ఒకటి అదుపు తప్పి, షాటక్ అవెన్యూ వాలులో, జనంతో నిండిన ప్యాసింజరు రైలు ఆగివున్న స్టేషన్ వైపు దొర్లుకుంటూ వచ్చింది. దారినపోతున్న వోల్మర్ దాని మీదికి దూకి బ్రేకు తిప్పి ఆపాడు. ఊరంతా ఆయన పేరు మారుమోగింది. మరుసటేడు ఎన్నికల్లో పట్టణ మార్షల్‌గా గెలిచాడు, 1909లో ఊరి మొదటి పోలీస్ చీఫ్ అయ్యాడు, 1932 దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. మార్షల్‌గా ఉన్న కాలంతో కలిపి ఇరవై ఏడేళ్లు. ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి, దీనితో తర్వాత పనుంది.

బడి ఆలోచన గాలిలోంచి పుట్టలేదు. 1907లో ఒక అనుమానాస్పద మరణం విషయంలో వోల్మర్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్రం చెప్పే జాక్ లోబ్ సాయం కోరాడు. ఆస్ట్రియా న్యాయాధికారి హాన్స్ గ్రాస్ నేర పరిశోధన మీద రాసిన గ్రంథం చదవమని లోబ్ సలహా ఇచ్చాడు. సాక్షి జ్ఞాపకం తడబడుతుంది, భయపడుతుంది, అమ్ముడుపోతుంది. నేల మీది అడుగు జాడ, గుడ్డ మీది మరక, గాజు ముక్క మీది వేలి గుర్తు అలా మాట మార్చవు, చూడటం తెలిసినవాడికి అవి చెప్పేస్తాయి. ఆ పుస్తకం సారం ఇది. మన వాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ ముచ్చట ఒకటి ఇక్కడుంది. ఆ జర్మన్ గ్రంథానికి ఇంగ్లిషు అనువాదం లండన్‌లోనో న్యూయార్క్‌లోనో కాదు, మద్రాసులో తయారైంది. జాన్ ఆడమ్, జె. కాలియర్ ఆడమ్ అనే ఇద్దరు మద్రాసు ప్రభుత్వ న్యాయవాదులు దాన్ని భారతదేశపు, వలస దేశాల ఆచరణకు అనుగుణంగా మలిచి 1906లో ప్రచురించారు. కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. వేలిముద్రల కథా ఇలాంటిదే: ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో తెరుచుకుంది, ఆ వర్గీకరణ పద్ధతికి లెక్కలు కట్టినవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లు. జ్ఞానం మన దగ్గర లేక కాదన్నమాట. అది ఎవరి చేతికి వెళ్లిందన్నదే ప్రశ్న.

వోల్మర్ 1908లో బర్కిలీ పోలీస్ స్కూలు మొదలుపెట్టాడు. పాఠాలు డ్యూటీ వేళలు పోగా మిగిలిన సమయంలో నడిచేవి, విశ్వవిద్యాలయం ఆచార్యులు వచ్చి చెప్పేవారు. సాక్ష్య చట్టం, ఫొటోలు తీయడం, ప్రథమ చికిత్స, వేలిముద్రలు, పారిశుధ్యం నుంచి మొదలై అది పెరుగుతూ పోయింది. 1917లో వోల్మర్, సూక్ష్మదర్శిని పరీక్షల్లో దిట్ట అయిన ఆల్బర్ట్ ష్నైడర్ కలిసి ఒక పత్రికలో ప్రకటించిన మూడేళ్ల పాఠ్యప్రణాళిక చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, శరీర నిర్మాణం, విషాల పరిచయం, మానసిక రోగాలు, ప్రజారోగ్యం, నేరచట్టం. ఇదంతా డిటెక్టివుల కోసమో పెద్ద అధికారుల కోసమో కాదు, పగలూ రాత్రీ వీధిలో ఉండే మనిషి కోసం. మహాయుద్ధం తర్వాత ఆయన విద్యార్థుల పత్రికలోనే ప్రకటన వేయించి, కాలేజీలో చదువుకుంటున్న కుర్రాళ్లను పోలీసులోకి తీసుకున్నాడు. పగలు క్లాసు, రాత్రి బీటు. ఊరివాళ్లు వాళ్లను ‘కాలేజీ కాప్‌లు’ అన్నారు. వారిలో ఒకడైన ఓ. డబ్ల్యూ. విల్సన్ తర్వాత విచిటా, షికాగో నగరాల పోలీసు అధిపతి అయ్యాడు. 1919లో చేరిన వాల్టర్ గోర్డన్ బర్కిలీ పోలీసులో మొదటి నల్లజాతి అధికారి. ఆయనతో కలిసి పనిచేయమని కొందరు మొండికేస్తే, అయితే మీ బిళ్లలు బల్ల మీద పెట్టి వెళ్లండన్నాడు వోల్మర్. గోర్డన్ బీటు తిరుగుతూనే న్యాయశాస్త్రం పూర్తిచేశాడు, 1955లో అమెరికన్ వర్జిన్ దీవులకు గవర్నరయ్యాడు.

బీటు తిరిగేవాడికి రసాయనశాస్త్రం ఎందుకన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ వస్తుంది. పోలీసు కొలువుకు ఒక విచిత్రమైన లక్షణం ఉంది. సైన్యంలో నిర్ణయం పైనుంచి కిందికి దిగుతుంది, సిపాయి దాన్ని అమలు చేస్తాడు. పోలీసులో చాలా నిర్ణయాలు అట్టడుగున జరిగిపోతాయి, పైవాడికి కబురు తర్వాత అందుతుంది. అర్ధరాత్రి ఒక ఇంట్లో కేకలు వినిపిస్తే తలుపు తట్టాలా, కాసేపు ఆగాలా? రోడ్డు పక్కన పడివున్నవాడు తాగి పడ్డాడా, తలకు దెబ్బ తగిలి పడ్డాడా? ఎదురు తిరిగిన కుర్రాణ్ని స్టేషన్‌కు లాక్కెళ్లాలా, ఇంటికి పంపాలా? వీటికి జవాబు ఆ క్షణంలో అక్కడున్న మనిషే చెప్పాలి. తాగాడనుకుని సెల్లులో పడేస్తే తెల్లారేసరికి ఒక ప్రాణం పోవచ్చు. ప్రథమ చికిత్స, శరీరశాస్త్రం ఆ పాఠాల్లోకి ఎందుకు వచ్చాయో ఈ ఒక్క ఉదాహరణ చాలు చెప్పడానికి. భద్రత అనే మాటను వోల్మర్ దొంగను పట్టడంతో సరిపెట్టలేదు. నేరం జరగకముందే దాని దారి మూయాలన్నాడు. అల్లరి దారి పడుతున్న పిల్లల విషయంలో బడినీ సంక్షేమ సంస్థలనూ పోలీసునూ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించాడు. మత్తుమందుకు బానిసైనవాడు వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సినవాడు, లాకప్‌కు కాదని 1936లో రాసిన పుస్తకంలో వాదించాడు.

ఇదే కాలంలో మన దేశంలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. కర్జన్ వైస్రాయిగా ఉండగా 1902లో ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన పోలీసు కమిషన్ వేశారు. 1903లో ఇచ్చిన నివేదిక 1905లో బయటికొచ్చింది, సరిగ్గా వోల్మర్ మార్షల్ అయిన ఏడు. రోగనిర్ణయంలో ఆ కమిషన్ ఏమీ దాచలేదు. పోలీసుకు దక్షత లేదని, శిక్షణా నిర్మాణమూ లోపభూయిష్టమని, జనం దృష్టిలో అది అవినీతిపరమైన, పీడించే బలగమని నేరుగా చెప్పింది. మందు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేరే దారి పట్టింది. కానిస్టేబులుకు బుర్రతో పనిలేని యాంత్రికమైన విధులే అప్పజెప్పాలి, విచక్షణ అవసరమైన పనులు పై తరగతి అధికారులు చూసుకోవాలి అని తీర్మానించింది. వలస ప్రభుత్వం లెక్క ప్రకారం అందులో తర్కం ఉంది: జీతం తక్కువ, చదువు తక్కువ, అధికారమిస్తే దుర్వినియోగం చేస్తాడు, కాబట్టి అధికారమే ఇవ్వొద్దు. కానీ జీవితం ఆ నివేదిక మాట వినలేదు. ఎస్సై వచ్చేలోపు శవం దగ్గర నిలబడేవాడు కానిస్టేబులే. మూగిన జనం కాళ్లకింద అడుగు జాడలు చెరిగిపోకుండా చూడాల్సినవాడూ అతనే. దర్యాప్తు అధికారం కాగితం మీద ఎవరి పేరున ఉన్నా, సాక్ష్యం బతకడమో చావడమో అతని చేతిలోనే ఉంటుంది. ఒకే రకమైన పేద, చదువులేని బలగాన్ని చూసి ఒకరు నేర్పుదాం అన్నారు, మరొకరు నమ్మొద్దు అన్నారు. 1979లో ధర్మవీర నాయకత్వంలోని జాతీయ పోలీసు కమిషన్ తన మొదటి నివేదికలో ఈ పాత తీర్మానాన్ని ఎత్తిచూపి, కానిస్టేబులు విచక్షణతో పనిచేసేవాడు కావాలని, దర్యాప్తులో అతనికీ భాగం ఉండాలని రాయాల్సి వచ్చింది. ఆ మాట అనడానికి ముప్పావు శతాబ్దం పట్టింది.

ఇక అభ్యంతరాలు. మొదటిది, బర్కిలీ చిన్న ఊరు, పైగా విశ్వవిద్యాలయం పక్కనే ఉంది. ఆచార్యులు నడిచి వచ్చి పాఠం చెప్పే వసతి ఎన్ని ఊళ్లకుంటుంది? ఇది బలమైన వాదనే. దానికి లాస్ ఏంజెలెస్ సాక్ష్యం కూడా ఉంది. 1923లో ఆ మహానగరం వోల్మర్‌ను ఒక్క ఏడాదికి పోలీసు అధిపతిగా పిలిచింది. మద్యనిషేధం నడుస్తున్న కాలం, కల్తీ సారా, జూదం, వాటి డబ్బు నగరసభ దాకా పాకిన కాలం. ఆయన స్కూలు పెట్టాడు, పోలీసులకు బుద్ధి పరీక్షలు పెట్టాడు, శాఖను పునర్వ్యవస్థీకరించాడు, ఏం చేయాలో వివరంగా నివేదిక రాసిచ్చాడు. 1924లో గడువు తీరి వెళ్లిపోగానే చాలావరకు పాత పద్ధతే తిరిగొచ్చింది. దీన్నిబట్టి పెద్ద నగరానికి ఈ చదువు పనికిరాదని తేల్చేవాళ్లున్నారు. నాకు అందులో కనిపించేది వేరు. బర్కిలీకి, లాస్ ఏంజెలెస్‌కు మధ్య ఊరి సైజు ఒక్కటే తేడా కాదు, ఒకచోట ఇరవై ఏడేళ్లు, మరోచోట ఒక్క ఏడాది. బడి పెట్టినవాడు నిలిచిన చోట బడి నిలిచింది. హూవర్ అధ్యక్షుడిగా 1929లో నియమించిన వికర్‌షామ్ కమిషన్‌కు పోలీసుల మీద నివేదిక తయారుచేసింది వోల్మరే. 1931లో అచ్చయిన ఆ నివేదిక పెద్ద పెద్ద నగరాల్లో పోలీసు అధిపతి సగటున రెండున్నరేళ్లు కూడా కుర్చీలో ఉండటం లేదని లెక్క తేల్చి, జబ్బుకు మూలం అక్కడ ఉందని చూపించింది. ఇది మనకు కొత్త కాదు. ఉత్తరప్రదేశ్, అస్సాంలలో డీజీపీగా, సరిహద్దు భద్రతా దళానికి అధిపతిగా పనిచేసిన ప్రకాశ్ సింగ్ సుప్రీంకోర్టుకెక్కితే, 2006లో వచ్చిన తీర్పులో డీజీపీ నుంచి స్టేషన్ హౌస్ ఆఫీసర్ దాకా కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలన్న ఆదేశం ఉంది. పైవాడి కుర్చీ కిందివాడి చదువుకు పునాది అని రెండు దేశాలూ విడివిడిగా గ్రహించాయి.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. వోల్మర్ ఫిలిప్పీన్స్‌లో నేర్చుకున్నది వలస యుద్ధం. స్థానిక తిరుగుబాటుదార్లను నదుల వెంట గన్‌బోట్ల మీద వెంటాడిన మనిషి, ఆ సైనిక పద్ధతుల్నే అమెరికా వీధుల్లోకి దించాడని సమాజశాస్త్రవేత్త జూలియన్ గో వంటివారు ఇటీవల గట్టిగా వాదించారు. పటాల మీద నేరాల గుర్తులు పెట్టడం, వేగంగా కదిలే దళాలు, పైనుంచి కింది దాకా ఒకే ఆజ్ఞా శ్రేణి, ఇవన్నీ ఆ అనుభవపు ముద్రలే అంటారు. నేను దీన్ని కాదనలేను, కాదనాలని కూడా లేదు. ఆయన సైనికానుభవాన్ని దాచలేదు. అయితే పాఠ్యప్రణాళికను ఈ వాదన పూర్తిగా వివరించలేదు. సైన్యం సిపాయికి విషాల గురించీ మానసిక రోగాల గురించీ నేర్పదు, విచక్షణ నేర్పదు. వోల్మర్‌లో సైనికుడూ ఉన్నాడు, ఉపాధ్యాయుడూ ఉన్నాడు, ఇద్దరూ ఒకరితో ఒకరు రాజీపడనే లేదు. తర్వాతి తరాలు సైనికుణ్ని తేలిగ్గా అందిపుచ్చుకున్నాయి. కారు కొనడం సులువు, మూడేళ్ల చదువు చెప్పడం కష్టం.

మూడో అభ్యంతరం నన్ను ఎక్కువ కలవరపెట్టేది. పోలీసుకు సైన్సు నేర్పుతామన్నాం సరే, ఆ సైన్సే తప్పైతే? బర్కిలీ పాఠాల్లో వంశపారంపర్యంగా నేరస్వభావం వస్తుందని, కొన్ని జాతులు క్షీణిస్తున్నాయని చెప్పే విషయాలు కూడా చోటు చేసుకున్నాయి. ఆ రోజుల్లో విశ్వవిద్యాలయాల్లో గౌరవం పొందిన ఆ సిద్ధాంతాలు ఎన్ని అన్యాయాలకు తలుపు తీశాయో తర్వాత లోకం చూసింది. మన దగ్గర అదే నమ్మకం, 1871లో వచ్చి 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించిన నేరస్థ తెగల చట్టం రూపంలో ఎరుకల, యానాది వంటి కుటుంబాల మీద తరాల తరబడి నిఘాగా మారింది. అబద్ధం పట్టే యంత్రం సంగతీ అంతే. శరీరధర్మశాస్త్రంలో డాక్టరేటు ఉన్న బర్కిలీ పోలీసు జాన్ లార్సన్ 1921లో దాన్ని తయారుచేశాడు. రక్తపోటును, ఊపిరిని గీతలుగా కాగితం మీద గీసే ఆ యంత్రం వస్తే కొట్టి ఒప్పించే థర్డ్ డిగ్రీ పోతుందని వోల్మర్ మనస్ఫూర్తిగా ఆశపడ్డాడు. ఆయన తన బలగంలో థర్డ్ డిగ్రీని సహించలేదు కూడా. కానీ గుండె వేగం అబద్ధానికే కాదు, భయానికీ పెరుగుతుంది. 1923లోనే వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు అలాంటి పరీక్షను సాక్ష్యంగా తీసుకోవడానికి నిరాకరించింది. మన సుప్రీంకోర్టు 2010లో, వ్యక్తి ఒప్పుకోకుండా ఈ పరీక్ష జరపకూడదంది. మంచి ఉద్దేశంతో మొదలైన యంత్రం భయపెట్టే పనిముట్టుగా కూడా వాడుకలోకి వచ్చింది. ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఒక్కటి చెప్పగలను: తప్పు సైన్సు ఆ పాఠాల్లోకి వచ్చింది బడి ఉన్నందువల్ల కాదు, కాలమంతా ఆ తప్పులో ఉన్నందువల్ల. బడి లేని పోలీసుల్లోనూ అవే నమ్మకాలున్నాయి, ప్రశ్నించే ఏర్పాటు మాత్రం లేదు. బర్కిలీలో శుక్రవారం శుక్రవారం పోలీసులంతా కూర్చుని చీఫ్ ఎదుటే లోపాలు, ఫిర్యాదులు చెప్పుకునే సమావేశం ఉండేది. చెప్పినదాన్ని తిరిగి అడగనిచ్చే ఇలాంటి ఏర్పాటుంటే, చెప్పేవాడి పొరపాటు కూడా ఏదో ఒకరోజు బయటపడే వీలుంటుంది.

వోల్మర్ 1955లో పోయాడు. 1941 డిసెంబరు చివర ఆయన ఇంట్లో కూర్చున్న కొద్దిమంది శిష్యులతో మొదలైన సంఘం ఇవాళ నేరశాస్త్రజ్ఞుల పెద్ద సంస్థ. 1950లో బర్కిలీలో వెలసిన నేరశాస్త్ర కళాశాలకు విల్సన్ డీన్ అయ్యాడు, 1976లో అది మూతపడింది. మన వైపు, 1948 సెప్టెంబరులో మౌంట్ ఆబూలో మొదలైన కేంద్ర పోలీసు శిక్షణ కళాశాల 1975లో హైదరాబాద్ శివరాంపల్లికి వచ్చి సర్దార్ పటేల్ పేరుతో జాతీయ అకాడమీగా వెలుగుతోంది. ఐపీఎస్ అధికారులు అక్కడే తయారవుతారు. 1971లో వేసిన గోరే కమిటీ పోలీసు శిక్షణ డ్రిల్లుతో ఆగకూడదని, మనిషి ప్రవర్తనను అర్థం చేసుకోవడం నేర్పాలని చెప్పింది. అంబర్‌పేట, అనంతపురం, విజయనగరం శిక్షణ కళాశాలల్లో తెల్లవారకముందే పరేడ్ మైదానంలో నిలబడే ట్రైనీ కానిస్టేబుళ్లకు ఆ మాట ఎంత దూరం చేరిందన్నదే అడగాల్సిన ప్రశ్న. బలగంలో అత్యధికులు వాళ్లే. నెలల వ్యవధిలో కవాతు, ఆయుధం, చట్టం అన్నీ ముగించుకుని బందోబస్తులకు, ఎస్కార్టులకు వెళ్లిపోయేదీ వాళ్లే. ఆ తర్వాత ఇరవై, ముప్పై ఏళ్ల కొలువులో మళ్లీ పుస్తకం పట్టే అవకాశం ఎంతమందికి వస్తుంది?

మళ్లీ ఆ మద్రాసు పుస్తకం దగ్గరికి వెళ్దాం. హాన్స్ గ్రాస్ 1893లో జర్మన్‌లో అచ్చువేసినప్పుడు, ఈ పుస్తకం ఎవరికోసమో పేరులోనే చెప్పాడు: దర్యాప్తు చేసే న్యాయాధికారులకు, పోలీసు అధికారులకు, జాందార్మ్‌లకు. జాందార్మ్ అంటే పల్లెల్లో తుపాకీ భుజాన వేసుకుని తిరిగే మామూలు పోలీసు జవాను. పదమూడేళ్ల తర్వాత మద్రాసు అనువాదం అట్ట మీద ఆ వరుస కొద్దిగా మారింది: మేజిస్ట్రేట్లకు, పోలీసు అధికారులకు, న్యాయవాదులకు. చట్టం మాటల్లో కానిస్టేబులూ పోలీసు అధికారే అనవచ్చు, ఆ వాదన నిలుస్తుంది కూడా. కానీ జర్మన్ అట్ట మీద అతనికంటూ విడిగా ఒక మాట ఉంది. మద్రాసులో ఆ మాట తీసేసి, ఆ చోటు వకీలుకిచ్చారు.